రెండు రూపాయల బియ్యం: ధర అక్కడక్కడే, ఖర్చు ఆగలేదు

సబ్సిడీ గురించి పాఠం చదివే తెలుగు విద్యార్థికి కిలో రెండు రూపాయల బియ్యం కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 1983 జనవరిలో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయ్యాక ఆ ఏడాదే ఈ పథకం అమల్లోకి వచ్చింది. ఎన్నికల ముందు కాంగ్రెస్ ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి కూడా రూపాయి తొంభై పైసలకే బియ్యం అన్నారు. ఇంకా వెనక్కి వెళ్తే, 1967లో తమిళనాట డీఎంకే రూపాయికి ఒక పడి (బియ్యం కొలిచే కొలత) బియ్యం హామీతో జనంలోకి వెళ్లింది.

ఇదంతా సాధ్యం చేసిన ఏర్పాటు మాత్రం కేంద్రానిది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1943 బెంగాల్ కరువు రోజుల్లో రేషన్ వేళ్లూనుకుంది. 1965లో భారత ఆహార సంస్థ వచ్చింది. అప్పటినుంచి ఒక చేత్తో రైతుకు మద్దతు ధర ఇచ్చి ధాన్యం కొనడం, ఇంకో చేత్తో చౌక ధరల దుకాణాలకు బియ్యం పంపడం ప్రభుత్వం పని అయింది. కొన్న ఖర్చుకూ అమ్మిన ధరకూ మధ్య తేడాయే సబ్సిడీ.

ఆ తేడా ఎంతో ఒకసారి కాగితం మీద వేసి చూడండి. 1983-84లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 132 రూపాయలు. క్వింటాలు వడ్లు ఆడిస్తే ప్రభుత్వ లెక్కన 67 కిలోల బియ్యం రావాలి. 132ను 67తో భాగిస్తే 1.97. అంటే కిలో బియ్యానికి పట్టే వడ్ల ఖరీదు రెండు రూపాయలకు మూడు పైసలే తక్కువ! మిల్లు చార్జీలు, గోనె సంచులు, లారీ కిరాయి, గోదాము అద్దె, డీలర్ కమీషన్ లాంటివే ప్రభుత్వం మీద పడ్డాయి. అదీ చిన్న భారం కాదు, కానీ కొలిచి చూడగలిగిన భారం.

తర్వాత ధర మూడున్నరకు పెరిగింది. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ తిరిగి వచ్చి మళ్లీ రెండు రూపాయలే అన్నారు. అప్పటికి వడ్లు క్వింటాలు 340. కిలో బియ్యంలో వడ్ల ఖర్చే ఐదు రూపాయలు దాటింది. సరిగ్గా అదే సమయంలో మద్య నిషేధంతో ఎక్సైజ్ ఆదాయం పోయింది. 1996లో చంద్రబాబు ప్రభుత్వం ధరను మళ్లీ మూడున్నర చేసింది. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి రెండుకు తెచ్చారు, 2011లో రూపాయి అయింది. 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద కేంద్రం ఉచితంగానే ఇస్తోంది. 2025-26లో వడ్ల మద్దతు ధర 2,369. ఇప్పుడు అదే భాగహారం చేస్తే కిలోకి 35 రూపాయలు వస్తుంది.

ధర పెంచితే పేపర్లో హెడ్డింగ్ వస్తుంది, ధర్నాలు జరుగుతాయి. ధర కదలకుండా ఉంటే సబ్సిడీ ఏటా తనంతట తానే పెరుగుతుంది, దాని మీద చర్చే ఉండదు. నా ఉద్దేశంలో ఈ నలభై ఏళ్ల చరిత్రలో విద్యార్థులు పట్టుకోవలసింది ఇదే. రూపాయల్లో కనిపించే ధర వేరు, మిగతా ధరలతో పోల్చినప్పుడు తేలే నిజ ధర వేరు.

ఎవరికి ఇవ్వాలన్నది రెండో తగువు. 1997లో కేంద్రం పేదలను, పేదలు కానివాళ్లను విడదీసి లక్షిత పంపిణీ తెచ్చింది. ఇలా విడదీస్తే రెండు రకాల తప్పులు దొర్లుతాయి: అక్కర్లేనివాళ్లు జాబితాలో చేరడం, అక్కరున్నవాళ్లు జారిపోవడం. మొదటిదానివల్ల ఖజానాకు నష్టం, రెండోదానివల్ల ఒక ఇంట్లో పస్తు. ఈ రెంటినీ ఒకే తూకంలో వేయడం అన్యాయం. 2013 ఆహార భద్రత చట్టం జనాభాలో మూడింట రెండొంతుల మందిని పరిధిలోకి తెచ్చింది, మంచి పని చేసింది.

ఇక రీసైక్లింగ్. ఒకే బియ్యానికి రేషన్ షాపులో ఒక ధర, బజారులో ఇంకో ధర ఉన్నంతకాలం మధ్యలో కొనేవాడు పుడతాడు. ఆ బియ్యం పాలిష్ అయి బజారుకో, ఎగుమతికో, కస్టమ్ మిల్లింగ్ (ప్రభుత్వం కొన్న వడ్లను మిల్లర్లు ఆడించి బియ్యంగా అప్పగించడం) పేరుతో తిరిగి ప్రభుత్వ గోదాముకో చేరుతుంది. దాడులు, కేసులు అవసరమే. కానీ దొడ్డు బియ్యం తినలేక అమ్ముకునే కుటుంబాన్ని దొంగలా చూడకూడదు. బియ్యం బదులు నగదు వేయాలనే వాదన ఇక్కడే బలపడింది, 2015లో చండీగఢ్, పుదుచ్చేరిలలో వేసి చూశారు కూడా. తెలంగాణ ఇంకో దారి పట్టింది. 2025 ఉగాది రోజున హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి రేషన్ షాపుల్లోనే సన్నబియ్యం ఇస్తోంది. ఇంట్లో వండుకు తినే బియ్యమే ఇస్తే అమ్ముకోవలసిన పని తగ్గుతుంది. దాని ఖర్చు మాత్రం దొడ్డు బియ్యం కన్నా ఎక్కువ, బడ్జెట్లో ఆ లెక్కను ఏటా విడిగా చూపించాలి.