చెప్పగలిగిన పిల్ల రాయలేకపోతుందెందుకు?

దసరా వెళ్లిన తొలి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారు. మర్నాడు బడికొచ్చిన ఆరో తరగతి పిల్లను ‘ఏం చూశావమ్మా?’ అని అడగండి. పాలధార వెళ్లింది, బెస్తవారి వల వెళ్లింది, అంజలి రథం వెళ్లింది, సిరిమాను కొసన కూర్చున్న పూజారి మీదికి జనం అరటిపళ్లు విసిరారు, ఒక పండు మా చెల్లి నెత్తిన పడింది అని గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. ఇప్పుడు చెప్పిందే రాయమని కాగితం ఇస్తే మూడు వాక్యాలు వస్తాయి. ‘సిరిమాను పండుగ విజయనగరంలో జరుగును. ప్రజలు అధిక సంఖ్యలో పాల్గొందురు. అది నాకు చాలా ఇష్టం.’ అరటిపండు పోయింది, చెల్లి పోయింది.

ఇది బద్ధకం కాదు, తెలివితక్కువతనం అంతకన్నా కాదు. మనసు ఒక్క క్షణంలో పట్టి ఉంచుకోగలిగేది చాలా తక్కువ. పెద్దవాళ్లకైనా అది దాదాపు నాలుగు ముక్కలేనని నెల్సన్ కోవన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2001లో వాదించాడు. మాట్లాడేటప్పుడు ఆ పిల్ల ఆలోచించాల్సింది విషయం గురించి మాత్రమే. రాసేటప్పుడు అక్షరం ఆకారం, గుణింతం, ఒత్తు, వాక్యం ముగింపు, ‘పుస్తకం భాష’, టీచరు దిద్దే ఎర్రగీత, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ముందుగా జారిపోయేది విషయమే. కాబట్టి రాయడం నేర్పడమంటే ఈ బరువుల్ని విడదీసి ఒక్కొక్కటే ఎత్తించడం. ఏది ముందు, ఏది తరవాత అన్నదే ఉపాధ్యాయుడి నేర్పు.

మొదటి బరువు చెయ్యి. ఒకటి, రెండు తరగతుల్లో అక్షరం ఆలోచించకుండా చేతికి రావాలి. దానికి రోజూ పది నిమిషాలు చాలు. వారానికొకసారి గంటసేపు రాయిస్తే వేళ్ల నొప్పే మిగులుతుంది. అక్షరాల్ని వరసలోనే కాక పోలికను బట్టి కూడా దిద్దించండి: వ, ప, మ, ష ఒక గుంపు, ద, డ, ధ, థ ఇంకో గుంపు. కాపీ రైటింగ్‌లో తరచూ జరిగే పొరపాటొకటి ఉంది. పేజీ నిండా ఒకే అక్షరం రాయమంటే మొదటి వరసలో పిల్లవాడు మీరు రాసిచ్చింది చూస్తాడు. నాలుగో వరసకొచ్చేసరికి పైన తాను రాసిన వంకర అక్షరాన్నే చూసి రాస్తాడు. పేజీ నిండేసరికి వంకరే అలవాటవుతుంది. ఐదుసార్లు రాయించి ఆపండి, అందులో బాగా కుదిరిన దానికి వాడిచేతే సున్నా చుట్టించండి, తరవాత మళ్లీ మీ అక్షరం చూపించండి.

రెండోది గుణింతం, ఒత్తు. తెలుగులో పలికే వరస, రాసే వరస ఎప్పుడూ ఒకటి కాదు. ‘శక్తి’ పలికి చూడండి: క, దాని వెనక త, ఆ తరవాత ఇ. కాగితం మీద మాత్రం గుడి క నెత్తిన ఉంటుంది, త కిందికి పోతుంది. చెవికి విన్నట్టే రాసే పిల్లవాడు ‘శకతి’ అని రాస్తాడు. వాడు సరిగ్గా విన్నాడు, లిపి చేసిన ఏర్పాటే వాడికి ఇంకా తెలియదు. తప్పుకు గీత కొట్టే ముందు ఈ సంగతి చెప్పండి. గుడి, కొమ్ము ఏవైనా పై అక్షరానికే కడతామని భక్తి, ముక్తి, వస్తువు అనే మూడు మాటలతో చూపిస్తే చాలావరకు తీరిపోతుంది.

‘భాద’, ‘విధ్యార్థి’ లాంటివి వేరే రకం. మన రోజువారీ మాటలో ద, ధ తేడా సరిగా వినపడదు, అందుకే డిక్టేషన్ ఎన్నిసార్లు చెప్పినా ప్రయోజనం తక్కువ. ఇక్కడ చెవి కన్నా అర్థం మేలు. మాటల్ని కుటుంబాలుగా ఇవ్వండి: అర్థం, పదార్థం, అర్థశాస్త్రం ఒక ఇల్లు, అర్ధం, అర్ధరాత్రి, అర్ధచంద్రుడు ఇంకో ఇల్లు. వారానికి రెండు కుటుంబాలకు మించి వద్దు.

ఇక యాస. ‘మా తాత బేగి ఎలిపోనాడు’ అని సిక్కోలు (శ్రీకాకుళం) పిల్ల రాస్తే ఏం చెయ్యాలి? చిత్తుప్రతిలో ముట్టుకోకూడదు. విషయం ఆ మాటలోనే పుట్టింది. అక్కడే గీత కొడితే రెండోసారి ఆ పిల్ల తాత గురించే రాయదు. సాపుప్రతి దగ్గర ‘పత్రికలో అయితే ఎలా రాస్తారు?’ అని అడిగి ‘త్వరగా వెళ్లిపోయాడు’ పక్కన చేర్చాలి, తాత నోటి మాటల్ని మాత్రం కథలో ఆయన చెప్పినట్టే ఉంచాలి. ఈ తగువు ఈ నేలకు కొత్తది కాదు. విద్యార్థులు వ్యాసాలు ఏ భాషలో రాయాలన్న ప్రశ్న మీదే గురజాడ అప్పారావు వాడుక భాష వైపు నిలిచి 1914లో మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు కాంపోజిషన్ ఉపసంఘం నివేదికకు తన అసమ్మతి పత్రం రాశాడు. శ్రీకాకుళం ప్రాంతపు గిడుగు రామమూర్తి సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేశాడు. ఇంతా జరిగాక ఇప్పటికీ ‘జరుగును’, ‘పాల్గొందురు’ అని పిల్లలచేత రాయించడం అన్యాయమనే నా అభిప్రాయం.

మూడు నుంచి ఏడో తరగతి దాకా అసలు పని వాక్యం దగ్గర. పొట్టి వాక్యాలిచ్చి కలపమనడం మంచి అభ్యాసం. ‘పొందూరులో ఖాదీ నేస్తారు. దానికి పత్తి కావాలి. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకు సన్నటి పళ్లుంటాయి. పత్తి శుభ్రపడుతుంది.’ పిల్లలు మొదట ‘మరియు’తో కలుపుతారు. తెలుగు వాక్యం అలా అతకదు, ‘వచ్చి, దువ్వి’ లాంటి అసమాపక క్రియతోనూ ‘వాడే, చేసిన’ లాంటి విశేషణాలతోనూ అతుకుతుంది: ‘పొందూరు ఖాదీకి వాడే పత్తిని సన్నటి పళ్లున్న వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు.’ ఐదు వాక్యాలు ఒక్కటయ్యాయి, ఏదీ పోలేదు. ఇక్కడ జరిగే తప్పు కర్త మారిపోవడం. ‘అన్నయ్య వచ్చి అమ్మ వంట చేసింది’ కుదరదు, ‘అన్నయ్య వచ్చాక’ అనాలి. కారణం చెప్పేచోట మాత్రం ‘వాన కురిసి చెరువు నిండింది’ చక్కగా చెల్లుతుంది. వ్యాకరణ సూత్రాన్ని విడిగా బట్టీ పట్టించడం కన్నా ఇలా కలిపించడమే రాతను బాగుచేస్తుంది. నాలుగు నుంచి పన్నెండో తరగతి పిల్లల మీద జరిగిన ప్రయోగాల్ని 2007లో స్టీవ్ గ్రాహం, డొలొరెస్ పెరిన్ ఒకచోట చేర్చి చూశారు. రాసే ముందు ఆలోచించుకునే, రాశాక తిరగరాసే పద్ధతులు నేర్పడం, చదివినదాన్ని కుదించి రాయించడం ఎక్కువ ఫలితమిచ్చాయి. వాక్యాలు కలపడం వాటి తరవాత. విడిగా చెప్పే వ్యాకరణ పాఠం ఏ మేలూ చెయ్యలేదు.

హైస్కూల్లో ఒక వ్యాసానికి ఒక పీరియడు చాలదు, వారం పట్టాలి. సోమవారం పది నిమిషాలు నోటితో చెప్పించి, ఆరేడు మాటలు మాత్రం నోట్సులో రాసుకోమనండి. మంగళవారం ఇరవై నిమిషాలు చిత్తు: గీత విడిచి గీత మీద రాయాలి, రబ్బరు వాడకూడదు. బుధవారం పక్కవాళ్లకు చదివి వినిపించాలి. వినేవాళ్లు ‘బాగుంది’ అనకూడదు, ‘నాకెక్కడ అర్థం కాలేదు? ఇంకేం తెలుసుకోవాలనుంది?’ అన్న రెండింటికే జవాబు చెప్పాలి. టీచరు పుస్తకం పట్టేది గురువారమే. అప్పుడు కూడా ఆ వారానికి రెండు రకాల తప్పులే ఎంచుకుని, తప్పున్న వరసకు మార్జిన్‌లో చుక్క పెట్టాలి, తప్పును పిల్లలే వెతుక్కోవాలి. నలభై పుస్తకాల్లో ప్రతి తప్పూ మీరే దిద్దితే నేర్చుకున్నది మీరే. శుక్రవారం సాపు. మార్కులు వేశాక ఇచ్చే సలహాను దాదాపు ఎవరూ చదవరు, కాబట్టి చెప్పాల్సింది సాపుకు ముందే చెప్పాలి.

కాలేజీకొచ్చేసరికి జబ్బు మారుతుంది. ‘ప్రయోగం చేయబడినది’ లాంటి వాక్యాల్ని ‘ప్రయోగం చేశాం’ అని మార్చడం తేలిక. కష్టమైంది తెలిసినదాన్నీ అనుకున్నదాన్నీ వేరు చెయ్యడం. డిగ్రీ విద్యార్థి ‘శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో నీటి వల్ల కిడ్నీ జబ్బు వస్తోంది’ అని రాస్తాడు. మూడు ప్రశ్నలు వెయ్యండి: ఎవరు తేల్చారు? ఎలా తేల్చారు? అవే నీళ్లు తాగి జబ్బు రానివాళ్ల మాటేమిటి? అప్పుడు పేరా ఇలా మారుతుంది: ‘కవిటి, సోంపేట, కంచిలి వైపు దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎక్కువగా కనిపిస్తోంది. తాగునీరు, ఎండలో చేసే కూలిపని, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఇలా చాలావాటిని అనుమానించారు. వీటిలో ఇదే కారణమని ఇంకా రుజువు కాలేదు.’ మొదటి వాక్యం కన్నా ఇది పొడవు, ధీమా తక్కువ, కానీ ఇందులో ప్రతి మాటకూ రచయిత పూచీ పడగలడు.

ఈ పేరా రాశాక కాగితం మూయించి, కవిటిలో కొబ్బరితోటకు పనికెళ్లే మనిషి ఎదురుగా కూర్చున్నట్టు రెండు నిమిషాలు నోటితో చెప్పమనండి. ఎక్కడ నసిగాడో గుర్తు పెట్టుకోండి. వ్యాసంలో గైడు నుంచి ఎత్తి రాసిన చోటు సాధారణంగా అదే. అక్కడ పెన్సిలుతో ఒక గీత పెట్టి కాగితం తిరిగి ఇచ్చేయండి.