డ్రోన్ హెలికాప్టర్‌కి తగిలితే? మా క్లాసులో వినిపించే అపోహలు

డ్రోన్ ఎగరేయడం నేర్పిస్తుంటాను. బ్యాచ్ మారినా ఈ నాలుగు మాటలు మాత్రం మారవు.

అపోహ: పావు కిలో డ్రోన్ విమానాన్ని ఏం చేస్తుంది?

వాస్తవం: 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ కార్చిచ్చు మీద నీళ్లు చల్లుతున్న సీఎల్-415 విమానం రెక్కకి చిల్లు పెట్టింది అలాంటి చిన్న డ్రోనే. సిబ్బంది క్షేమంగా దిగారు. కానీ ఒక్కో ట్రిప్పూ విలువైన ఆ సమయంలో విమానం రిపేరుకి వెళ్లింది. ఇది తలచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

ఇక్కడ బరువు కంటే వేగం ముఖ్యం. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుంది. మీ డ్రోన్ గాల్లో కదలకుండా నిలబడి ఉన్నా, ఆ వేగాన్ని విమానమే తెస్తుంది. పక్షితో పోల్చకండి. పక్షి మెత్తగా ఉంటుంది, తగలగానే చితికిపోతుంది. డ్రోన్‌లో మోటార్లు, బ్యాటరీ, కెమెరా అన్నీ గట్టివే. అందుకే అదే బరువున్న పక్షి కంటే ఎక్కువ నష్టం చేస్తుందని అమెరికాలో 2017లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

అపోహ: డ్రోన్లకి పెట్టిన పరిమితి 400 అడుగుల ఎత్తు, అది దాటకపోతే భయం లేదు.

వాస్తవం: అంబులెన్స్, పోలీసు హెలికాప్టర్లు, పొలాలకి మందు కొట్టే విమానాలు ఆ ఎత్తు లోపల కూడా తిరుగుతాయి. 2017 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్ దగ్గర ఆర్మీ బ్లాక్ హాక్ హెలికాప్టర్‌కి డ్రోన్ తగిలింది సుమారు 300 అడుగుల దగ్గర. పైన తిరిగే రోటర్ రెక్క దెబ్బతింది. డ్రోన్ ఎగరేసిన మనిషి దాదాపు నాలుగు కిలోమీటర్ల దూరంలో స్క్రీన్ చూస్తూ ఉన్నాడు. దర్యాప్తు అధికారులు సంప్రదించేదాకా ఢీకొట్టిన సంగతే అతనికి తెలియదు.

అపోహ: పైలట్ చూసి తప్పుకుంటాడు.

వాస్తవం: చాలాసార్లు కనిపించదు. ఢీకొనే దారిలో ఉన్న వస్తువు విమానం ముందు అద్దంలోంచి చూస్తే కదలకుండా ఒకేచోట చుక్కలా ఉంటుంది, కన్నేమో కదిలేదాన్నే పట్టుకుంటుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో 200 మీటర్లంటే నాలుగు సెకన్లు కూడా కాదు. విమానంలోని హెచ్చరిక వ్యవస్థ వేరే విమానాల్లో ఉండే ట్రాన్స్‌పాండర్ (తన ఉనికిని రేడియోలో తెలిపే పరికరం) సిగ్నల్‌ని వింటుంది. చిన్న డ్రోన్లలో మామూలుగా అది ఉండదు. తప్పుకోవాల్సింది మనమే.

అపోహ: హెలికాప్టర్ చప్పుడు వినగానే రిటర్న్ టు హోమ్ (డ్రోన్‌ని దానంతటదే వెనక్కి రప్పించే బటన్) నొక్కితే చాలు.

వాస్తవం: వద్దు! చాలా మోడళ్లలో ఆ బటన్ నొక్కగానే డ్రోన్ ముందుగా సెట్ చేసిన ఎత్తుకి లేచి, ఆ తర్వాతే వెనక్కి వస్తుంది. అంటే హెలికాప్టర్ ఉన్న ఎత్తుకి మీరే పంపినట్టు. స్క్రీన్ మీంచి తల ఎత్తండి, కింద మనుషులు, తీగలు లేవని చూసుకుని థ్రాటిల్ (ఎత్తు పెంచే, తగ్గించే స్టిక్) తగ్గించి నేరుగా దించేయండి. హెలికాప్టర్ ఎటు నుంచి వస్తోందో వెతకడం డ్రోన్ కిందికి వచ్చాకే.