బలహీనమైన టోర్నడో అంటే ఎంత బలహీనం?

మేఘం నుంచి నేల దాకా సాగే సుడిగాలి టోర్నడో. వీటి తీవ్రతను కొలిచే ఈఎఫ్ (ఎన్‌హాన్స్‌డ్ ఫుజిటా) స్కేలులో ఈఎఫ్-0 నుంచి ఈఎఫ్-5 వరకు ఆరు తరగతులున్నాయి. మొదటి రెండింటినీ ‘బలహీనం’ అంటారు. ఆ మాట విని తేలిగ్గా తీసుకోనక్కర్లేదు. ఈఎఫ్-0లోనే గాలి వేగం గంటకు 105 నుంచి 137 కి.మీ., ఈఎఫ్-1లో 138 నుంచి 177 కి.మీ. రేకుల కప్పు లేచిపోవడానికి, ఒడ్డున పెట్టిన పడవ తిరగబడటానికి అది చాలు.

తీరంలోని చిన్న ఊళ్ల మీదికి ఈ సుడి ఒక్కోసారి సముద్రం మీంచే వస్తుంది. నీటి మీద ఉన్నంతసేపు దాని పేరు వాటర్‌స్పౌట్, ఒడ్డెక్కితే టోర్నడో. ఇందులో మామూలు రకానికి భీకరమైన ఉరుముల మేఘం అక్కర్లేదు. ఎదురెదురు గాలులు నీటి మీద ఒరుసుకునే చోట చిన్న సుళ్లు పుడతాయి. పైన ఎదుగుతున్న మేఘం గాలిని పైకి లాగుతుంటే సుడి నిలువునా సాగి, సన్నబడి, వేగం అందుకుంటుంది. అలా కిందినుంచి పైకి పెరుగుతుంది కాబట్టే రాడార్‌కు తేలిగ్గా చిక్కదు. అర డిగ్రీ ఎత్తులో పంపిన రాడార్ కిరణం 100 కి.మీ. దూరం చేరేసరికి భూమికి సుమారు ఒకటిన్నర కి.మీ. పైనుంచి పోతుంది. అసలు కథంతా దాని కిందే జరుగుతుంది. హెచ్చరిక రాలేదని జనం వాతావరణ శాఖను తిట్టుకుంటారు గానీ, చాలాసార్లు ఇదే కారణం.

మర్నాడు చూస్తే నష్టం విచిత్రంగా ఉంటుంది. దారికి ఒక పక్క ఇంటికి కప్పు లేదు, రెండో పక్క ఇంట్లో పెరటి తీగ మీది బట్టలు కూడా కదల్లేదు. ఇందులో మాయేమీ లేదు. సుడి గాలి గంటకు 100 కి.మీ., సుడి ముందుకు కదిలే వేగం 40 కి.మీ. అనుకుందాం. గడియారం ముల్లుకు ఎదురుగా తిరిగే సుడికి కుడి పక్క ఈ రెండూ కలిసి 140 అవుతాయి, ఎడమ పక్క ఒకదాన్నొకటి తగ్గించుకుని 60 మిగులుతుంది. గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది కనుక కుడి పక్క దెబ్బ అయిదు రెట్లకు పైనే.

సుడి నడుమ గాలి వేగాన్ని కొలిచే పరికరం దాదాపు ఎప్పుడూ ఉండదు. అందుకే విరిగినవాటిని చూసి లెక్క కడతారు. ఈ చూపు వాతావరణ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటాది. 1945లో నాగసాకి శిథిలాల్లో చెట్లు, గోడలు ఒరిగిన తీరు పరిశీలించిన ఆయన, 1971లో టోర్నడోల స్కేలు తయారుచేశారు. దాన్ని సవరించిన ఈఎఫ్ స్కేలు అమెరికాలో 2007 నుంచి వాడుకలో ఉంది. అందులో ఇళ్లు, షెడ్లు, స్తంభాలు, చెట్లు వగైరా 28 రకాల ఆనవాళ్లున్నాయి.

చెట్లన్నీ సుడి దారి వైపుకు ఒరిగి పడితే టోర్నడో. విసనకర్రలా విచ్చుకుని పడితే మేఘం నుంచి దిగి నేలను కొట్టిన గాలి. రేకు ముక్కను తిరగేసి మేకు చూస్తారు. మేకు వాసంలోనే ఉండి రేకు చిరిగిందా, మేకుతో సహా ఊడొచ్చిందా? ఉప్పుగాలికి తుప్పు పట్టిన మేకు తక్కువ గాలికే లొంగుతుంది. ఆ సంగతి పట్టించుకోకపోతే గాలి వేగాన్ని ఎక్కువగా అంచనా కట్టేస్తారు.

ఈ పద్ధతికి నీటి మీద మాత్రం చిక్కు తప్పదు. విరగడానికి అక్కడ ఏముంది? సముద్రం మీద సుడి ఎంత జోరుగా తిరిగినా, దానికి దక్కే తరగతి తీరం మీది మొదటి షెడ్డు చెప్పినదే.