లేబుల్ మీద కనిపించని మాంసం

అమెరికా దక్షిణ, తూర్పు రాష్ట్రాల పొదల్లో తిరిగే లోన్ స్టార్ పిడుదు కుట్టిన కొన్ని వారాలకు, ఏళ్ల తరబడి నిక్షేపంగా తిన్న మాంసమే కొందరికి పడకుండా పోతుంది. ఆల్ఫా-గాల్ సిండ్రోమ్ అనే ఈ అలెర్జీకి మూలం ప్రోటీన్ కాదు, ఒక చక్కెర. ఆవు, పంది, మేక, జింక వంటి క్షీరదాల కణాల్లో అది ఉంటుంది. మనుషుల్లో ఉండదు, కోడిలోనూ చేపలోనూ ఉండదు. సెటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందు కొందరికి ఎందుకు వికటిస్తోందని ఆరా తీసిన వర్జీనియా విశ్వవిద్యాలయపు థామస్ ప్లాట్స్-మిల్స్ బృందం 2008లో ఈ చక్కెర పాత్రను బయటపెట్టింది. 2010–2022 మధ్య అక్కడ అనుమానిత కేసులు 1,10,000 దాటాయి.

సాధారణంగా తిన్న 2 నుంచి 6 గంటలకు గాని దద్దుర్లు, కడుపునొప్పి, ఆయాసం మొదలుకావు కనుక, రాత్రి భోజనానికీ అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తడానికీ ఉన్న సంబంధం తట్టడమే కష్టం. అందుకే ప్యాకెట్‌ను తినకముందే చదవాలి. అయితే, అమెరికా చట్టం విడిగా పేర్కొనమన్న అలెర్జీ కారకాలు 9. పాలు, గుడ్లు, వేరుశనగ మొదలుకొని 2023లో చేరిన నువ్వుల దాకా ఉన్న ఆ పట్టికలో క్షీరదాల మాంసం లేదు. కాబట్టి చివర ముద్దక్షరాల్లో కనిపించే హెచ్చరిక ఒక్క పాల విషయంలో తప్ప ఈ రోగులకు అక్కరకు రాదు. పదార్థాల జాబితా మొత్తం చదవాల్సిందే.

మార్ష్‌మాలో అనే మెత్తని మిఠాయిలో ఉండే జెలటిన్ ఎక్కువగా పంది చర్మం నుంచో పశువుల ఎముకల నుంచో వస్తుంది. డబ్బాలో వచ్చే ఉడికించిన చిక్కుడు గింజల ముద్దలో పంది కొవ్వు ఉండవచ్చు. అన్నిటికన్నా మోసపుచ్చేది చికెన్ సాసేజ్: లోపల కోడి మాంసమే, పైన తొడుగు మాత్రం పంది పేగు కావచ్చు. ‘సహజ రుచులు’ అన్న రెండు మాటల చాటున మాంసం సారం ఉండటానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆహారాల్లోనూ మందుల్లోనూ కలిపే గ్లిజరిన్, మెగ్నీషియం స్టియరేట్ మొక్కల నుంచైనా రావచ్చు, జంతువుల కొవ్వు నుంచైనా రావచ్చు. ఎర్ర సముద్రనాచు నుంచి తీసి, చిక్కదనం కోసం ఆహారాల్లో కలిపే కారజీనన్‌లోనూ ఈ చక్కెర ఉంటుంది. అది పడనివారికి వీగన్ ముద్ర కూడా భరోసా కాదు.

అక్కడి మన తెలుగువారు ఇండియన్ స్టోర్ ప్యాకెట్ మీది ఆకుపచ్చ చుక్కను నమ్ముకోవడం సహజమే. అది జెలటిన్‌నూ పంది కొవ్వునూ తప్పిస్తుంది. కానీ మన నిబంధనల ప్రకారం పాలు, నెయ్యి, పనీర్ శాకాహారమే. ఈ అలెర్జీ ఉన్న చాలామందికి పాలు పడతాయి గాని, కొందరికి మీగడ, వెన్న కూడా ప్రమాదమే. చిప్స్ మసాలాల్లో రుచి పెంచడానికి వాడే, ఇ631 అనే కోడ్‌తో రాసే పదార్థం మాంసం, చేపల నుంచే కాక మొక్కల నుంచి కూడా తయారవుతుంది. ఇలాంటి పదార్థాల మూలాన్ని కోడ్ సంఖ్యతో సరిపెట్టకుండా పూర్తిగా వెల్లడించాలని ఢిల్లీ హైకోర్టు 2021 డిసెంబరులో ఆదేశించింది.

అనుమానం తీరకపోతే తయారీ సంస్థనే అడగాలి. ‘ఇందులో మాంసం ఉందా?’ అంటే లేదనే జవాబు వస్తుంది, ఎందుకంటే వారి లెక్కలో జెలటిన్ మాంసం కాదు. ఆవు, పంది, గొర్రెల నుంచి తీసినది ఏదైనా, తొడుగుతోనూ రుచిద్రవ్యాలతోనూ సహా, వాడారా అని అడగాలి. అదే సరుకు మళ్లీ కొన్నప్పుడు జాబితా మళ్లీ చదవాలి. తయారీలో వాడే పదార్థాలు చెప్పాపెట్టకుండా మారుతుంటాయి.