మిగిలిపోయిన మందుల డబ్బా యుద్ధ ప్రాంతానికి ఎందుకు వెళ్లదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన వారం మియాపూర్ నుంచి ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీగారు ఫోన్ చేశారు. "మేడం, సూడాన్ కోసం మందులు కలెక్ట్ చేశాం. ఆరు అట్టపెట్టెలు నిండాయి. ఆటో పంపుతారా, మమ్మల్నే తెమ్మంటారా?" అన్నారు. ప్రతి ఫ్లాటుకీ తిరిగారట, పిల్లలు కూడా సంచులు పట్టుకుని వెంట వచ్చారట. ఆ ఉత్సాహం విన్నాక "వద్దు సార్" అనడానికి నోరు రాలేదు. అయినా అనక తప్పలేదు. అటువైపు కాసేపు మాట లేదు.

నేను ఫార్మసిస్టుని. పదకొండేళ్లు ఆస్పత్రి ఫార్మసీలో పనిచేశాను. తర్వాత, యుద్ధాలు జరిగే చోట్ల వైద్యం అందించే ఒక సంస్థ తరఫున హైదరాబాద్‌లో దాతలతో మాట్లాడే పనిలోకి వచ్చాను. ఎనిమిదేళ్లయింది. ఇలాంటి ఫోన్ రాని నెల లేదు. అందుకే ఒకసారి కూర్చుని వివరంగా రాద్దామనుకున్నాను.

అపోహ: ఇంట్లో మిగిలిన మందులు పంపితే అక్కడ ఎవరో ఒకరి ప్రాణం నిలుస్తుంది

రెండేళ్ల కిందట కూకట్‌పల్లి నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో స్టీలు డబ్బా, జంతికలు పోసుకునే డబ్బా. భర్త పోయి నెల కూడా కాలేదు. ఆయన వాడిన బీపీ, షుగర్, గుండె మందులన్నీ అందులో సర్ది తెచ్చారు. "పారేయడానికి మనసొప్పడం లేదమ్మా. ఎవరికైనా పనికొస్తే ఆయనకు పుణ్యం" అన్నారు.

డబ్బా టేబుల్ మీద బోర్లించి ఇద్దరం కలిసి చూశాం. మన మెడికల్ షాపుల్లో నాలుగు గోలీలు అడిగితే స్ట్రిప్‌ను కత్తెరతో కత్తిరించి ఇస్తారు కదా, సగానికి పైగా అలాంటి ముక్కలే. ఒక ముక్క మీద మందు పేరులో సగం ఉంది, ధర ఉంది. ఎక్స్‌పైరీ తేదీ, బ్యాచ్ నంబరు షాపులో మిగిలిన రెండో ముక్కతో పోయాయి. సీలు తీయని ఇన్సులిన్ పెన్ను ఒకటి ఉంది. చూడ్డానికి కొత్తగా మెరుస్తోంది. కానీ అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండాకాలంలో వారాల తరబడి బీరువాలో ఉంది. అందులో మందు ఇంకా పనిచేస్తుందో లేదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు ఈ డబ్బా ఒక యుద్ధ ప్రాంతంలోని ఆస్పత్రికి చేరిందనుకోండి. అక్కడున్నది ఇద్దరు నర్సులు, బయట వంద మంది. మన స్ట్రిప్ మీద కంపెనీ పెట్టిన బ్రాండు పేరు, అసలు మందు పేరు రెండూ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. మన బ్రాండు వాళ్లెప్పుడూ విని ఉండరు. అక్కడి వాళ్లు అరబిక్ చదివేవాళ్లైతే అసలు మందు పేరు చదవడమూ కష్టమే. ఒక్కో ముక్కా ఏమిటో తేల్చుకోవడానికి రోగి దగ్గర ఉండాల్సిన నర్సు అట్టపెట్టె ముందు కూర్చోవాలి. తప్పు గోలీ పడితే? బీపీ లేనివాడికి బీపీ గోలీ పడితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

ఇది నా ఒక్కదాని భయం కాదు, లోకం చూసిందే. బోస్నియా యుద్ధ కాలంలో, 1992-96 మధ్య, అక్కడికి చేరిన మందుల్లో సుమారు 17,000 టన్నులు పనికిరానివని తేలింది. వాటిని పద్ధతిగా నాశనం చేయడానికే 3.4 కోట్ల డాలర్లు అవుతుందని లెక్క వేశారు. ఆ డబ్బుతో ఎన్ని ఆపరేషన్ థియేటర్లు నడిచేవో. 2004 సునామీ తర్వాత ఇండోనేషియాలోని ఆచేకి 4,000 టన్నుల మందులు వెళ్లాయి. అవి వెళ్లింది 20 లక్షల లోపు జనం కోసమే.

ఈ అనుభవాల వల్లే ప్రపంచ ఆరోగ్య సంస్థ, మిగతా సంస్థలు కలిసి 1996లో మందుల విరాళాలకు నియమాలు రాసుకున్నాయి. ఒకసారి రోగి చేతికి వెళ్లిన మందు తిరిగి తీసుకోకూడదు. అక్కడికి చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి. అసలు మందు పేరు అక్కడివాళ్లకు తెలిసిన భాషలో ఉండాలి. అన్నిటికంటే ముందు, వాళ్లు అడిగిందే పంపాలి. మన ఇళ్లలోని మందులు మొదటి నియమం దగ్గరే ఆగిపోతాయి.

మరి వెళ్లేదేమిటి? ప్రపంచమంతా ఒకేలా ఉండే అత్యవసర ఆరోగ్య కిట్ ఒకటుంది. పది వేల మందికి మూడు నెలలు సరిపడేలా కూర్చిన పెట్టెలు. ఏ పెట్టెలో ఏముందో తెరవకుండానే నర్సుకు తెలుస్తుంది. జాబితా ముందే ఉంటుంది కాబట్టి కస్టమ్స్‌లో చూపించడానికి బ్యాచ్ నంబర్లు, గడువు తేదీలు కాగితం మీద ఉంటాయి. జాబితాలో లేని పెట్టె ఒక్కటి కలిస్తే చాలు, దానితోపాటు సరుకంతా పోర్టులో నిలిచిపోయే ప్రమాదం ఉంది.

"అయితే మన హైదరాబాద్‌లో ఇన్ని ఫ్యాక్టరీలున్నాయి, కంపెనీ ఇస్తే కూడా వద్దంటారా?" అని జీడిమెట్లలో ఒకాయన నిలదీశారు. మంచి ప్రశ్న. వద్దనం. అడిగిన మందు, అడిగినంత, పూర్తి గడువుతో, కాగితాలతో కంపెనీ నేరుగా ఇస్తే అది పనికొచ్చే విరాళమే.

టీచరమ్మకు ఇదంతా చెప్పాను. ఆవిడ ఒక్కో ముక్కా తిరిగి డబ్బాలో పెట్టుకుంటుంటే నాకు చాలా కష్టంగా అనిపించింది. ఆరోజు ఇంకొంచెం నెమ్మదిగా చెప్పి ఉండాల్సింది.

పాత బట్టలు, దుప్పట్లు, బియ్యం

ఇదీ అంతే. పంపే ఖర్చు వస్తువు ఖరీదుకన్నా ఎక్కువ. ఎక్కువచోట్ల పక్క ఊళ్లోనో పక్క దేశంలోనో అవే కొనుక్కోవచ్చు, అక్కడి చిన్న వ్యాపారికి కూడా నాలుగు డబ్బులు దక్కుతాయి.

అపోహ: డబ్బులిస్తే మధ్యలోనే మింగేస్తారు

అనుమానం తప్పు కాదు. మోసపోయినవాళ్లు ఉన్నారు. కానీ "జీతాలకు, డీజిల్‌కు పోతే అది సేవ ఎలా అవుతుంది?" అనే మాటకు మాత్రం నాకు ఓపిక నశిస్తుంది.

నా టేబుల్ మీద ఎప్పుడూ రెండు వస్తువులుంటాయి. ఒకటి పల్లీల పేస్టు ప్యాకెట్. 92 గ్రాములు, 500 కేలరీలు. పల్లీలు, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు. చింపితే పల్లీపట్టీ వాసన వస్తుంది. నీళ్లు కలపనక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు, పిల్లాడు ప్యాకెట్ నుంచి నేరుగా చీకేస్తాడు. తిండి లేక చిక్కిపోయిన బిడ్డ కోలుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, సుమారు 150 ప్యాకెట్లు, అంటే ఒక కార్టన్. రెండోది చేతికి చుట్టే రంగుల టేపు. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల జబ్బకు చుడతారు. 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ వస్తే ఎరుపు, బిడ్డ ప్రాణాపాయంలో ఉన్నట్టు. మీ బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూడండి, ఇంచుమించు అంతే ఉంటుంది ఆ చెయ్యి.

వచ్చినవాళ్లకు ఆ టేపు ఇచ్చి అడుగుతాను, దీన్ని ఎవరు చుట్టాలి? ఆ కార్టన్ ఓడలోంచి దిగి, లారీ ఎక్కి, నాలుగు చెక్‌పోస్టులు దాటి ఊరికి చేరాలంటే డీజిల్ ఎవరు పోయాలి? నర్సు జీతమే వైద్యం, జనరేటర్ డీజిలే ఆపరేషన్. పైగా ఆ నర్సుల్లో, డ్రైవర్లలో ఎక్కువ మంది ఆ దేశం వాళ్లే. వాళ్ల ఇళ్లూ కూలి ఉంటాయి, వాళ్ల పిల్లలకూ తిండి కావాలి.

నమ్మకం కావాలంటే సంస్థ ఆడిట్ రిపోర్టు అడగండి. రిజిస్ట్రేషన్, పాన్ అడగండి. అడిగితే మొహం చిట్లించే సంస్థకు ఇవ్వకండి.

అపోహ: వేరే దేశం వాళ్లకు విరాళమిస్తే పోలీసు కేసవుతుంది

ఇది విన్నప్పుడు కోపం రాదు, బాధ కలుగుతుంది. బార్కాస్‌లో ఒక చిన్న మీటింగ్ పెట్టాం. అక్కడ చాలా కుటుంబాల తాతలు నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చినవాళ్లు, ఇప్పటికీ కొందరికి అక్కడ చుట్టాలున్నారు. మీటింగ్ అయ్యాక ఒక పెద్దాయన ఐదు వందల నోటు మడిచి నా చేతిలో పెట్టి, "అక్కా, పేరు రాయొద్దు. రేపు ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే మా పిల్లలు భయపడతారు" అన్నాడు. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాడు, చేతులు వణుకుతున్నాయి.

ఇలా భయపడే మిగతావాళ్లలాగే ఆయన కూడా ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) పేరే చెప్పాడు. 2010 నాటి ఆ చట్టం విదేశాల నుంచి ఇక్కడికి వచ్చే విరాళాల గురించి. మీరు మన దేశంలో రిజిస్టరైన సంస్థకు మన రూపాయల్లో, బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు తీసుకుంటే భయపడాల్సిన పని లేదు. పేరు రాయించుకోవడమే మీకు రక్షణ. 80జిగా అందరికీ తెలిసిన ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే ముందే అడగండి. నగదుగా 2,000 రూపాయలు దాటితే మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే రాదు.

భయపడాల్సింది వేరే ఉంది. ఏడుస్తున్న పిల్లాడి ఫోటో, కింద క్యూఆర్ కోడ్, "ఈ రాత్రికే పంపండి" అని వాట్సాప్‌లో వచ్చే మెసేజీలు. ఫోటో ఏ దేశంలో, ఏ సంవత్సరంలో తీశారో తెలీదు, ఖాతా ఎవరిదో తెలీదు. ఎవరిదో తెలియని సొంత ఖాతాకు పంపితే డబ్బు పోవడమే కాదు, నిజంగానే చిక్కుల్లో పడొచ్చు. చదువుకున్నవాళ్లు కూడా చూసీచూడకుండా వంద గ్రూపులకు తోసేస్తారు. దయచేసి ఆపండి.

అపోహ: టీవీలో వస్తున్నప్పుడు ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వాలి

వరద తగ్గుతుంది, యుద్ధం అలా తగ్గదు. సూడాన్‌లో యుద్ధం 2023 ఏప్రిల్ 15న మొదలైంది. మొదటి వారం అందరూ అడిగారు, మనవాళ్లను ఆపరేషన్ కావేరిలో వెనక్కి తెచ్చేవరకూ అడిగారు. తర్వాత ఫోన్లు తగ్గిపోయాయి, గాయపడేవాళ్లు తగ్గలేదు. చిట్టీ కట్టినట్టు నెలనెలా రెండు వందలు వస్తే, వచ్చే ఏడాదికి కూడా నర్సును పెట్టుకోవచ్చని సంస్థ ధైర్యంగా అనుకోగలదు.

"ఫలానా చోటుకే వాడాలి" అనే షరతు గురించి కూడా ఒక మాట. 2004 సునామీ వచ్చిన వారం రోజులకే, మాకు సరిపడా వచ్చింది, ఇక దీనికోసం పంపకండి అని డాక్టర్స్ వితౌట్ బార్డర్స్ అనే అంతర్జాతీయ వైద్య సంస్థ ప్రకటించింది. అప్పటికే వచ్చిన డబ్బును వేరే సంక్షోభాలకు వాడుకోవడానికి దాతల అనుమతి అడిగింది. చాలా మంది ఒప్పుకున్నారు. వీలైతే షరతు లేకుండా ఇవ్వండి.

అపోహ: శత్రువుకు కూడా వైద్యం చేస్తారు, అలాంటివాళ్లకెందుకు ఇవ్వాలి?

చేస్తారు. తుపాకీ కింద పెట్టి స్ట్రెచర్ మీదికి వచ్చినవాడు రోగే. 1864లో మొదటి జెనీవా ఒప్పందం నుంచి ఉన్న నియమం అది. రెండు వైపులా చూస్తారనే నమ్మకం ఉంటేనే అంబులెన్సును రెండు వైపులా వెళ్లనిస్తారు. ఆ నమ్మకం ఎప్పుడూ కాపాడుతుందని చెప్పను. 2015 అక్టోబర్ 3న అఫ్ఘానిస్థాన్‌లోని కుందూజ్‌లో ఆస్పత్రి మీద అమెరికా విమానం దాడి చేస్తే 42 మంది చనిపోయారు. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి భద్రతామండలి వైద్య సిబ్బంది రక్షణ కోసం 2286వ తీర్మానం చేసింది. అయినా దాడులు ఆగలేదు.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఎర్ర శిలువ గుర్తు డాక్టర్ల గుర్తు కాదు. మన 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం ఎవరు పడితే వాళ్లు వాడకూడదు. క్లినిక్ బోర్డు మీద, కారు అద్దం మీద ఉంటే తీసేయండి.

ఇక రక్తం ఇస్తామనేవాళ్లు ఇక్కడే ఇవ్వండి, ఇక్కడా కొరతే, అక్కడికి పంపం. "నేను నర్సుని, రేపే వెళ్తాను" అనే పిల్లలకు: కొన్నేళ్ల అనుభవం సంపాదించి దరఖాస్తు చేయండి, తప్పకుండా చేయండి.

మియాపూర్ సెక్రటరీగారు నిన్న మళ్లీ ఫోన్ చేశారు. ఆ అట్టపెట్టెలను ఇంటింటికీ తిరిగి ఇచ్చేశారట. ఫ్లెక్సీ ముందే ప్రింటయిపోయింది, మళ్లీ వేయించడం దండగ అని "మిగిలిన మందులు" అన్న చోట తెల్లకాగితం అంటించారట. దాని మీద ఏం రాయాలో చెప్పమని అడిగారు. "నెలకు ఎంతైనా సరే, రసీదు తీసుకోండి" అని రాయమన్నాను. ఆదివారం పొద్దున పదింటికి గేటు దగ్గర టేబుల్ వేస్తున్నారు. పల్లీ ప్యాకెట్, టేపు పట్టుకుని నేనూ వెళ్తున్నాను.