బీపీ మాత్రకు ఆనందభైరవి బదులు కాదు: సాయంకాలపు సంగీతంపై అపోహలు - వాస్తవాలు

వీణ పాఠం ముగిశాక పిల్లలను తీసుకువెళ్లడానికి వచ్చే పెద్దలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "రాత్రి పడుకునే ముందు ఏ రాగం వింటే బీపీ తగ్గుతుందండీ?" ఆ ప్రశ్న వెనుక సాధారణంగా ఫోన్లలో చేతులు మారుతూ వచ్చిన ఒక పట్టిక ఉంటుంది. ఒక వరుసలో రాగాలు, ఎదురుగా జబ్బులు ఉంటాయి. రాసినవారి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

అపోహ: రోజూ సాయంత్రం ఆనందభైరవి వింటే రక్తపోటు అదుపులోకి వస్తుంది, ఇక మాత్రలు మానేయవచ్చు.

వాస్తవం: మానేయకూడదు. చౌకకాలంలో, అంటే నిదానపు లయలో, సాగే సంగీతాన్ని కుదురుగా కూర్చుని వింటే ఊపిరి నిదానిస్తుంది, గుండె వేగం కొంత తగ్గుతుంది, మనసు తేలికపడుతుంది. ఇదంతా నిజమే కాని, ఇది ఆ కాసేపటి మాట. రక్తపోటు ఎక్కువగా ఉన్నా చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు కనుక, హాయిగా అనిపించడాన్ని బట్టి అది తగ్గిందని నిర్ణయించడం కుదరదు. పైగా కొన్ని రకాల మాత్రలను హఠాత్తుగా ఆపితే రక్తపోటు మునుపటికన్నా ఎగబాకుతుంది.

నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి తాతగారు ఇలాగే మాత్రలు పక్కన పెట్టి, "తల ఎంత తేలికగా ఉందో, ఇంకా ఆ మాత్రలెందుకమ్మా?" అన్నారు. కొలిపించుకున్నారా అని అడిగితే లేదన్నారు. మర్నాడు కోడలు ఆసుపత్రికి తీసుకువెళితే రక్తపోటు బాగా ఎక్కువగా తేలింది. ఆయనను తప్పుపట్టబుద్ధి కాలేదు. బతికినంతకాలం మాత్ర మింగాలంటే ఎవరికైనా దిగులే. ఆ దిగులును ఆసరా చేసుకుని పట్టికలు పంచేవారి మీదే నా కోపమంతా. ఇప్పుడు ఆయన మాత్ర వేసుకుని మరీ ఆనందభైరవి వింటున్నారు, దానికి ఏ వైద్యుడూ అడ్డు చెప్పడు.

అసలు రాగం పేరొక్కటే చూసి విశ్రాంతిని అంచనా వేయడం మా విద్య తెలిసినవారు చేసే పని కాదు. శ్యామశాస్త్రి "మరివేరే గతి" ఆనందభైరవే, రామదాసు "పలుకే బంగారమాయెనా" కూడా ఆనందభైరవే. మొదటిది శరణాగతి, రెండవది పలకని దేవుడితో మొర. అదే రాగంలో కల్పనస్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు) రెండవ కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, దూసుకుపోతూ మృదంగం వాటిని తరుముతుంటే, నిద్రపోతున్నవారు కూడా లేచి కూర్చుంటారు. ఇటలీ పరిశోధకులు 2006లో 24 మందిపై ప్రచురించిన అధ్యయనంలో ఊపిరి, రక్తపోటు, గుండె వేగం సంగీత శైలికన్నా లయ వేగాన్ని ఎక్కువగా అనుసరించాయి. మధ్యలో 2 నిమిషాలు సంగీతం ఆపినప్పుడు విశ్రాంతి మరింత స్పష్టంగా కనిపించింది. చిన్న అధ్యయనమే అయినా, రాగాల పట్టికను అది ఏ విధంగానూ బలపరచదు.

అపోహ: నీలాంబరి వింటే ఎవరికైనా నిద్ర పడుతుంది.

వాస్తవం: నీలాంబరి జోలపాటల రాగం కావడంతో మనకు ఆ అలవాటు ఉంది, అంతే. పడుకునే ముందు నింపాది సంగీతం వినడం కొందరికి మేలు చేస్తుంది, అయితే అది నీలాంబరే కానక్కరలేదు. వారాల తరబడి నిద్ర పట్టనివారు రాగాలు మార్చి చూడటం ఆపి వైద్యుణ్ణి కలవాలి.

అపోహ: 432 హెర్ట్జ్ శ్రుతిలో ఉన్న సంగీతమే మనసును శాంతపరుస్తుంది.

వాస్తవం: మన షడ్జమానికి, అంటే ఆధారమైన 'స' స్వరానికి, స్థిరమైన స్థానమే లేదు. ఒకరు ఒకటిన్నర శ్రుతికి పాడతారు, మరొకరు ఐదున్నరకు. ఇంతకుమించి చర్చ అనవసరం.

అపోహ: రాగాన్ని వేళ తప్పి వింటే దోషం.

వాస్తవం: కాదు. వేళల నియమాన్ని హిందుస్తానీ విద్వాంసులు ఎక్కువగా పాటిస్తారు. మన కచేరీల్లో అది చాలావరకు సంప్రదాయపు గుర్తుగానే మిగిలింది.

అపోహ: చౌకకాలమంటే తేలిక సంగీతం, వింటూ వేరే పనులు చేసుకోవచ్చు.

వాస్తవం: చేసుకోవచ్చు, ఎవరూ కాదనరు. అయితే వేగంలో దాగిపోయే లోపాలన్నీ చౌకకాలంలో బయటపడతాయి కనుక, పాడేవారికి అదే కఠినం. వీణ ధనమ్మాళ్ (1867-1938) మద్రాసు జార్జిటౌన్‌లోని తన ఇంట శుక్రవారం సాయంత్రాలు వాయిస్తుంటే పెద్ద విద్వాంసులే వచ్చి కూర్చునేవారు. ఆమె బాణీకి పేరు తెచ్చినవాటిలో మన మువ్వ క్షేత్రయ్య పదాలు (నిదానంగా పాడే శృంగార గీతాలు) ముఖ్యమైనవి. వాటిలో ఎన్నో విరహంతో వేగిపోయే నాయిక మాటలు. శాంతం కోరి విన్నవారికి కొన్నిసార్లు కన్నీళ్లు కూడా వస్తాయి, దానికి కంగారు పడవలసిన పనిలేదు.

వినదలచుకున్నవారు రాగం పేరుతో కాక, వీణ ఆలాపన అనో పదం అనో రెండుకళల చౌకంలోని (తాళం బాగా నిదానంగా నడిచే) కీర్తన అనో వెతకడం మంచిది. తని ఆవర్తనం (మృదంగం వంటి తాళవాద్యాల విడి వాయింపు) ఉన్న పూర్తి కచేరీని రాత్రికి ఎంచుకోవద్దు. శబ్దం తగ్గించి, ఒక్క కీర్తన కాగానే ఆగిపోయేలా ఫోనును అమర్చుకోండి. లేకపోతే నీలాంబరి ముగిసీ ముగియకముందే ప్రకటన ఒకటి చెవిలో కేకపెడుతుంది.