కంప్యూటర్‌తో చెస్ నేర్చుకోవడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

కొత్తవాళ్లకు చెస్ నేర్పడం నా పని. మొదటి క్లాసు అయ్యీ అవకముందే చాలామంది అడిగేది ఒకటే: "ఇంట్లో కంప్యూటర్‌తో ఆడుకోవచ్చా?" ఆడుకోవచ్చు. కాకపోతే దేనికి వాడాలో, దేనికి వాడకూడదో తెలియాలి.

అపోహ: లెవల్ తగ్గిస్తే అది కొత్తవాళ్లలాగే ఆడుతుంది.

వాస్తవం: లెవల్ తగ్గించిన ఇంజిన్ (చెస్ ఆడే ప్రోగ్రామ్) ఆట తెలియని ఆటగాడు కాదు, అన్నీ తెలిసి మధ్యమధ్యలో కావాలని చెడగొట్టే ఆటగాడు. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్‌లో స్కిల్ లెవల్ 0 నుంచి 20 దాకా ఉంటుంది. కింది లెవల్స్‌లో అది కొన్ని ఎత్తులు వెతికి పెట్టుకుని, వాటిలోంచి అప్పుడప్పుడు నాసిరకం ఎత్తు వేస్తుంది. అందుకే కాసేపు గట్టిగా ఆడి, ఉన్నట్టుండి రూక్‌ను ఊరికే ఇచ్చేస్తుంది.

మనుషుల తప్పు అలా ఉండదు. తెల్లపావులవాళ్లు క్వీన్‌ను హెచ్5 గడిలో, బిషప్‌ను సి4లో పెట్టి ఎఫ్7 బంటు మీద గురిపెడతారు. కొత్తవాడు గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి, క్వీన్‌ను బెదిరించానని సంబరపడతాడు. నాలుగో ఎత్తులో ఆ క్వీన్ ఎఫ్7 బంటును కొట్టేస్తుంది, చెక్‌మేట్! జి7 బంటును ఒక గడి తోస్తే సరిపోయేది. తన బెదిరింపు మీదే ధ్యాస పెట్టి అవతలివాడి బెదిరింపు చూడలేదు, అంతే. ఇలాంటి తప్పును పట్టుకోవడం నేర్పొచ్చు. ఇంజిన్ విసిరేసే రూక్ వెనక ఏ ఆలోచనా లేదు. దాన్ని తిని గెలవడం అలవాటైతే పిల్లలు ప్లాన్ వేయడం మానేసి ఎదురుచూస్తూ కూర్చుంటారు.

దీనికి మందు మాయా అనే ఇంజిన్. 2020లో వచ్చింది. లిచెస్ అనే ఆన్‌లైన్ చెస్ సైట్‌లో మనుషులు ఆడిన కోట్ల ఆటలతో, 1100 నుంచి 1900 రేటింగ్ (ఆటగాడి బలాన్ని చెప్పే అంకె) వరకు తొమ్మిది మోడల్స్‌గా తయారుచేశారు. అత్యుత్తమ ఎత్తు ఏదన్నది దానికి పట్టదు, ఆ రేటింగ్ మనిషి ఏం ఆడతాడో ఊహిస్తుంది. నా ఓటు దీనికే. ఇందులో బలహీనమైన మోడల్‌తో మొదలుపెట్టండి.

అపోహ: ఫుల్ లెవల్ ఇంజిన్ కొత్తవాళ్లకు అస్సలు పనికిరాదు.

వాస్తవం: మొత్తం ఆటకు పనికిరాదు, నిజమే. ముగింపులకు మాత్రం దాన్ని మించింది లేదు. బోర్డు మీద మీకు రాజు, క్వీన్, దానికి ఒంటరి రాజు పెట్టుకోండి. సరిగ్గా ఆడితే 10 ఎత్తుల్లోపే మేట్ అవుతుంది. క్వీన్ బదులు రూక్ అయితే 16. ఇంట్లో తమ్ముడితో ఇదే ఆడితే రెండోసారికే విసుగొచ్చి పావులు కలిపేస్తాడు. ఇంజిన్ ప్రతిసారీ చివరిదాకా పెనుగులాడుతుంది. ఈ సాధనలోనే స్టేల్‌మేట్ అంటే ఏంటో ఒంటబడుతుంది. నల్లరాజు హెచ్8 మూలలో ఉండగా క్వీన్‌ను జి6లో పెట్టారనుకోండి, రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. గెలిచిన ఆట డ్రా!

అపోహ: వేసిన ఎత్తును వెనక్కి తీసుకునే అన్‌డూ నొక్కితే మోసం.

వాస్తవం: నేర్చుకునేటప్పుడు కాదు. నొక్కే ముందు తప్పేంటో పైకి చెప్పించండి, చాలు. హింట్ బటన్ మాత్రం వద్దు. అది ఎత్తు చూపిస్తుంది గానీ కారణం చెప్పదు.

అపోహ: ఆట అయ్యాక, ఎవరిది ఎంత పైచేయో చెప్పే ఇంజిన్ అంకెలు చూసుకుంటే తప్పులన్నీ తెలిసిపోతాయి.

వాస్తవం: 0.3 అటూఇటూ తేడాలతో కొత్తవాళ్లకు పనేలేదు. అంకె ఒక్కసారిగా ఎగిరిన చోట్లు రెండో మూడో ఏరుకోండి. అక్కడ ఏమనుకుని ఆ ఎత్తు వేశారో ముందు రాయించి, ఆ తర్వాతే ఇంజిన్ ఆన్ చేయండి.

అపోహ: స్క్రీన్ మీద బాగా ఆడితే టోర్నమెంట్‌లోనూ ఆడేస్తారు.

వాస్తవం: టోర్నమెంట్‌లో ముట్టుకున్న పావునే కదపాలి. మౌస్‌తో పావును పట్టుకుని, మనసు మార్చుకుని వెనక్కి పెట్టడం అలవాటైన పిల్లలు మొదటి రౌండ్‌లోనే దీనికి బలవుతారు. స్క్రీన్ పక్కన అసలు బోర్డు పెట్టి, ప్రతి ఎత్తూ ముందు బోర్డు మీద చేత్తో వేశాకే కంప్యూటర్‌లో వేయించండి.